మళ్లీ మరిగిస్తే సరిపోదు

సంపాదకులకు నమస్కారం.

ఎండలు ముదిరాయి, పెళ్లి దావత్‌లూ ఊపందుకున్నాయి. మిగిలిన బగారన్నం, మటన్‌ కూర కవర్లలో కట్టి చుట్టాలిళ్లకు పంపే రోజులివి. ‘పొద్దున ఓసారి మంచిగ మసలబెడితే ఏం గాదు’ అన్న మాట నల్లగొండ, మహబూబ్‌నగర్‌ జిల్లాల్లో ఏ ఇంట్లోనైనా వినిపిస్తుంది. అందులో సగమే నిజం ఉంది.

ముందు అన్నం సంగతి. బియ్యానికి మట్టి నుంచి అంటుకుని వచ్చే బాసిల్లస్‌ సీరియస్‌ అనే బ్యాక్టీరియా తాలూకు స్పోర్లు (గట్టి పెంకుతో నిద్రాణంగా ఉండే రూపాలు) ఉడికినా చావవు. అన్నం 60 డిగ్రీల సెల్సియస్‌ కన్నా చల్లారాక మేల్కొంటాయి, 30–40 డిగ్రీల మధ్య జోరుగా పెరుగుతాయి. మే నెల రాత్రి మన వంటింట్లో ఉండే వేడి దాదాపు అదే. అవి అన్నంలో వదిలే విషం 121 డిగ్రీల్లో గంటసేపు ఉంచినా విరగదు, ఇక మన పొయ్యి ఏపాటి? తిన్న అరగంట నుంచి ఆరు గంటల్లో వాంతులు మొదలవుతాయి. వాసన మారకపోవచ్చు, రుచీ మారకపోవచ్చు. ‘నాలుక మీద వేసి చూశా, బాగానే ఉంది’ అన్నది పరీక్షే కాదు. చేతుల నుంచి చేరే స్టాఫిలోకోకస్‌ అనే బ్యాక్టీరియా విషానిదీ ఇదే తీరు.

మటన్‌ కూర కథ వేరు. లోతు గంజులో, అడుగున గాలి ఆడని చోట క్లోస్ట్రీడియం పెర్ఫ్రింజెన్స్‌ అనే మరో బ్యాక్టీరియా పెరుగుతుంది. 45 డిగ్రీల దగ్గర దాదాపు పది నిమిషాలకోసారి రెట్టింపవుతుంది. పెద్ద గంజు నిండా ఉన్న శోర్వ ఆ వేడిలోనే గంటల తరబడి ఉండిపోతుంది. దీన్ని మాత్రం మరిగిస్తే చంపవచ్చు. గోరువెచ్చగా చేసి వడ్డించినప్పుడే ఇది కడుపునొప్పి, విరేచనాలు తెస్తుంది.

కాబట్టి అసలు పని పొద్దున కాదు, రాత్రి భోజనాలు అవుతూనే ఉంది. వండినది రెండు గంటల్లోపు ఫ్రిజ్‌లోకి వెళ్లాలి. గది వేడి 32 డిగ్రీలు దాటితే గంటే గడువు. కూరను, అన్నాన్ని వెడల్పాటి పళ్లెంలో రెండంగుళాల మందం మించకుండా పరిచి ఫ్యాన్‌ కింద పెట్టండి. అన్నం, ముద్దపప్పు లాంటివి రెట్టింపు మందంగా ఉంటే లోపలి వేడి దిగడానికి దాదాపు నాలుగింతల సమయం పడుతుంది. శోర్వ గిన్నెను నీళ్ల తొట్టిలో దించి కలుపుతూ ఉంటే ఇంకా త్వరగా చల్లారుతుంది. మిద్దె మీది ట్యాంకు నీళ్లు వేసవిలో రాత్రికీ వేడిగానే ఉంటాయి, వాటితో లాభం లేదు. కుండ నీళ్లు పోసి, ఒక ట్రే ఐసు ముక్కలు వేయండి. కాస్త వెచ్చగా ఉన్నా చిన్న డబ్బాలను ఫ్రిజ్‌లో పెట్టవచ్చు, ఫ్రిజ్‌ ఏమీ పాడవదు. నిండు గంజును అలాగే తోస్తేనే పక్కనున్న పాలకు, పెరుగుకు ముప్పు.

ఫ్రిజ్‌ లోపల 5 డిగ్రీలు దాటకూడదు. గ్లాసు నీళ్లలో థర్మామీటర్‌ వేసి రాత్రంతా లోపల ఉంచితే తెలిసిపోతుంది (జ్వరం చూసేది పనికిరాదు). తలుపు రబ్బరులో కాగితం పెట్టి మూయండి. లాగితే సులువుగా వచ్చేస్తే రబ్బరు వదులైందన్నమాట. మిగిలిన కూరలు తలుపు అరల్లో వద్దు. కరెంటు పోతే తలుపు తెరవకుండా ఉంచితే నాలుగు గంటలు చల్లదనం ఆగుతుంది. అంతకు మించితే మాంసం, అన్నం, పాల వంటకాలు పారేయడమే. మామూలుగా అన్నం ఒక రోజు, కూరలు మూడు రోజులు చాలు.

వేడి చేసేటప్పుడు తినేంతే తీయాలి, ఒక్కసారే వేడి చేయాలి. పప్పు అంచుల్లో కుతకుతలాడుతున్నా నడుమ గోరువెచ్చగానే ఉంటుంది. గరిటెతో అడుగు నుంచి తిప్పి, నడుమ కూడా బుడగలు లేచాక రెండు నిమిషాలు ఉంచండి. లోపల 75 డిగ్రీలు రావాలి. అన్నమైతే కప్పుకు రెండు చెంచాల నీళ్లు చల్లి, మూతపెట్టి, సన్నమంట మీద అంతటా ఆవిరి వచ్చేదాకా ఉంచాలి. మైక్రోవేవ్‌లో మధ్యలో ఒకసారి కలిపి, అయ్యాక రెండు నిమిషాలు ఆగాలి. అది ఒక చోట కాల్చి, పక్కనే చల్లగా వదిలేస్తుంది.

‘సద్ది తిన్న తాతలకు ఏమైంది’ అని అడిగేవాళ్లున్నారు. వాళ్లు అన్నంలో నీళ్లు, సల్ల పోసి పులియబెట్టేవాళ్లు. ఆ పులుపులో ఈ బ్యాక్టీరియా అంత తేలిగ్గా పెరగదు. ఉత్త అన్నాన్ని గంజులోనే మూతపెట్టి వదిలేస్తే ఆ రక్షణ ఎక్కడిది? పులిహోరకు చింతపండు కొంత కాపు. పప్పుకు, ఆలుగడ్డ కూరకు అదీ లేదు.

దావత్‌ భోజనం పంచేవాళ్లకు ఒక మాట: కవర్‌ మీద వండిన గంట రాయండి. పొద్దున ఎనిమిదికి దించిన బగారన్నం పొయ్యి మీద వేడిగా లేకుండా మూడింటి దాకా టెంటు కింద ఉంటే దాన్ని ఎవరికీ పంపొద్దు. మీ ఆదివారం వంటల పేజీలోనూ ప్రతి వంటకం కింద, మిగిలితే ఎలా దాచాలో, ఎన్నాళ్లు ఉంచవచ్చో రెండు వరుసలు వేయగలరు.

– గృహవిజ్ఞాన అధ్యాపకులు, నల్లగొండ