హాలు కుర్చీల పని: జమా ఖర్చుల వివరణ

సంఘం సభ్యులకు నమస్కారం. డెట్రాయిట్ శివార్లలోని మన హాలుతో పాటు వచ్చిన 40 పాత ఫైబర్‌గ్లాస్ కుర్చీల మీద పెట్టిన ఖర్చు గురించి ఉగాది నుంచి రకరకాల మాటలు వినిపిస్తున్నాయి. అందుకే లెక్కంతా ఇక్కడ పెడుతున్నాం.

జమ: కుటుంబానికి 75 డాలర్ల చొప్పున 52 కుటుంబాల నుంచి 3,900. ఉగాది భోజనాల్లో మిగిలింది 410. మొత్తం 4,310. ఇచ్చిన అందరికీ కృతజ్ఞతలు.

ఖర్చు: వాటర్ పేపర్ (నీళ్లతో తడిపి రుద్దే గరుకు కాగితం), మాస్కులు, గ్లవ్స్ 268. రబ్బరు మౌంట్లు (కుర్చీ సీటును కాళ్లకు కలిపే రబ్బరు బిళ్లలు), వాటిని అతికించే ఎపాక్సీ జిగురు 312. కాళ్ల తొడుగులు 86. మైనం పాలిష్ 72. స్ట్రిప్పర్ (పాత పూతను కరిగించి ఊడదీసే రసాయనం) డబ్బా 46. పనివాడి కూలి 2,880. మొత్తం 3,664.

ప్రశ్నలన్నీ చివరి రెండింటి మీదే. మన కుర్చీలు అమెరికన్ డిజైనర్లు ఈమ్స్ దంపతులు రూపొందించగా హెర్మన్ మిల్లర్ అనే ఫర్నిచర్ కంపెనీ 1950 నుంచి అమ్మిన రకం. ఎవరో వీటికి వార్నిష్ పూశారు. అది పచ్చబడి, పెచ్చులు లేచింది. ఊడిన చోట గాజు పోగులు పైకి తేలి, బాలల తరగతిలో పిల్లల చేతులు దురద పెట్టాయి. అది చూశాక ఊరుకోలేకపోయాం.

"స్ట్రిప్పర్ రాస్తే గంటలో ఊడిపోతుంది, కూలి ఎందుకు?" అని కొందరు అన్నారు. రాసి చూశాం. వార్నిష్‌తో పాటు కింద గాజు పోగులను పట్టి ఉంచే పాలిస్టర్ రెజిన్ అనే ప్లాస్టిక్ కూడా మెత్తబడి ఒక కుర్చీ పాడైంది. ఆ తప్పు కమిటీదే. ఇక మిగిలింది తడిపి రుద్దడమే: ముందు 400 నంబర్ పేపర్, తర్వాత ఇంకా నున్నటి 600. పొడిగా రుద్దితే గాజు దుమ్ము ఊపిరితిత్తుల్లోకి పోతుంది కాబట్టి నీళ్లు, మాస్కు తప్పనిసరి. ఐదు వారాంతాలు కష్టపడి మనవాళ్లు పూర్తి చేసినవి ఏడే. వస్తామని పేరిచ్చినవారిలో సగం మంది రాలేదు. మిగిలిన 32 కుర్చీలు, ఒక్కోటి 90 డాలర్లకు, అనుభవం ఉన్న పనివాడికి ఇచ్చాం. ఆయన తన షెడ్డులో ఎనిమిదేసి చొప్పున చేశారు కాబట్టే జూన్‌లో అవుతుందన్న పని సెప్టెంబర్ దాకా సాగింది.

ఆ డబ్బుకు మడత కుర్చీలు వచ్చేవన్నది నిజమే. కానీ వీటినే బాగుచేద్దామని మార్చిలో సర్వసభ్య సమావేశంలో చేతులెత్తి ఒప్పుకున్నది మనమే.

చేతిలో ఉన్నది 646 డాలర్లు. ఇస్తామన్న 10 కుటుంబాల నుంచి ఇంకా 750 రావాలి. మూడుసార్లు గుర్తు చేశాం. ఇంకో 14 కుర్చీల రబ్బరు మౌంట్లు గట్టిపడిపోయాయి, వాటిని మార్చేదాకా ఆ కుర్చీలను వెనుక గదిలోనే ఉంచుతున్నాం. దయచేసి ఎవరూ తీసి కూర్చోవద్దు. బిల్లులన్నీ హాలు బీరువాలో నీలం ఫైల్లో ఉన్నాయి. ఏ ఆదివారమైనా వచ్చి చూసుకోవచ్చు.