రేవు వేలం పాటలో ఈ షరతులూ పెట్టండి

సంపాదకులకు నమస్కారం.

ఏ ఊరెళ్లినా ముందు రేవెక్కడని అడిగే పడవల పిచ్చి నాది. 2023లో మొదలైన కొచ్చి వాటర్ మెట్రో పడవల్లో బ్యాటరీ, ఏసీ సంగతి సరే, వంద మంది నిండితే ఇక ఎక్కనివ్వరు. నాకు బాగా నచ్చింది అక్కడి తేలే జెట్టీ, ఆటుపోట్లకు అదీ పడవతోపాటే లేచి దిగుతుంది కాబట్టి చక్రాల కుర్చీ నేరుగా లోపలికి వెళ్లిపోతుంది. వైకోం దగ్గర కేరళ జలరవాణా శాఖ పడవ ‘ఆదిత్య’ అయితే 2017 నుంచే సౌరశక్తి మీద తిరుగుతోంది, డీజిల్ కంపు లేదు. హాంకాంగ్ స్టార్ ఫెర్రీ పాతకాలందే, కానీ రెండు చివర్లూ ఒకేలా ఉంటాయి గనక వెనక్కి తిప్పే పనే లేదు, సీటు వీపు అటు తోసి కూర్చోవడమే.

ఇక మా గోదావరి లంక రేవు. వేలంలో రేవు పాడుకున్నవాడిదే రాజ్యం! పంటు (బల్లకట్టు) మీద బైకులు, మేకలు, కొబ్బరి బస్తాలు, మధ్యలో మనం. లైఫ్ జాకెట్లేమో ఓ మూల తాడుతో కట్టేసి ఉంటాయి. 2019లో కచ్చులూరు పడవ ప్రమాదం జరిగాక కూడా ఇదే తీరు. ఏసీ ఎవరడిగారండీ? ఎంతమందిని ఎక్కించాలో, జాకెట్లు ఎవరివ్వాలో, టికెట్ రేటెంతో వచ్చే పాట షరతుల్లోనైనా అధికారులు రాయాలి, ఆ కాగితం రేవులో అతికించాలి.

– ఒక పాఠకుడు, కోనసీమ