పోయిన ఏడాది మేం తుడిచిన బూజు గురించి

మా దగ్గర బాత్‌రూమ్ పని చేయించుకున్న అందరికీ నమస్కారం.

జులై చివర్లో, విశాఖలో ముసురు వదలని రోజుల్లో, ఒక టీచరమ్మగారు ఫోన్ చేశారు. రిటైరై చాలా ఏళ్లయింది. ఇల్లు సముద్రానికి నాలుగు వీధుల ఇవతల. "బాబూ, నువ్వు పోగొట్టిన బూజు మళ్లీ వచ్చింది. నువ్వూ ఒకసారి వచ్చి వెళ్లు, కాఫీ ఇస్తాను" అన్నారు. తిట్టినా బాగుండేది. వెళ్లి చూశాను. గీజర్ పైన, స్లాబూ గోడా కలిసే మూల, అరచెయ్యంత మేర నల్లటి చుక్కలు. పోయిన డిసెంబర్‌లో పనికి ముందు తీసిన ఫొటో నా ఫోన్‌లోనే ఉంది. పక్కన పెట్టి చూస్తే అదే మూల, అదే మచ్చ.

డిసెంబర్‌లో మేం చేసిందేమిటంటే బ్లీచింగ్ నీళ్లు కొట్టాం, బ్రష్‌తో రుద్దాం, ఒక రోజు ఆరనిచ్చి 'బూజు పట్టదు' అని డబ్బా మీద రాసున్న రంగు రెండు కోటింగులు వేశాం. ఏడాది గ్యారంటీ అని బిల్లు మీద నా చేత్తోనే రాశాను. ఏడు నెలలైనా ఆగలేదు. ఆవిడ ఒక్కరే కాదు, ఈ వానల్లో ఇంకో నలుగురు ఇదే మాట చెప్పారు. ఫోన్ చేయకుండా మనసులో తిట్టుకుని ఊరుకున్నవాళ్లు ఎందరో నాకు తెలీదు. ఇది రాస్తున్నది ముఖ్యంగా వాళ్ల కోసం.

ఆ బాత్‌రూమ్‌లో ఎగ్జాస్ట్ ఫ్యాన్ ఉంది. తిరుగుతోంది, చప్పుడు కూడా ఘనంగానే చేస్తోంది. అప్పట్లో నేను చూసింది అంతవరకే. ఈసారి పాత పేపర్‌లోంచి చిన్న ముక్క చింపి ఫ్యాన్ జాలీకి ఆనించాను. తలుపు తీసి ఉన్నంతసేపూ అంటుకునే ఉంది. తలుపు మూయగానే జారి కమోడ్ మూత మీద పడింది. కిందికి వంగి చూస్తే సంగతి అర్థమైంది. ఏసీ చల్లదనం పోతోందని వాళ్లబ్బాయి తలుపు కింద రబ్బరు పట్టీ కొట్టించాడు. వెంటిలేటర్ అద్దాలకు పావురాల బాధ పడలేక అట్ట పెట్టి టేపు అంటించారు. లోపలికి గాలి వచ్చే సందే లేకపోతే ఫ్యాన్ దేన్ని బయటికి లాగుతుంది? పొద్దున్నే ముగ్గురు వరసగా వేడినీళ్ల స్నానం చేస్తారు. ఆ ఆవిరంతా పైకి పోయి చల్లగా ఉన్న మూలన నీరై కూర్చుంటోంది. గోడ ఆరేలోపు సాయంత్రం స్నానాలు మొదలు.

బూజుకు కావాల్సింది తడి, దానికి తోడు కాస్త సబ్బు జిడ్డో దుమ్మో. జిడ్డూ దుమ్మూ ప్రతి ఇంట్లోనూ ఉండేవే, వాటిని పూర్తిగా ఆపలేం. మన చేతిలో ఉన్నది తడి ఒక్కటే. మేం దాన్ని వదిలేసి మచ్చ మీద డబ్బులు తీసుకున్నాం. మా నాన్న తాపీ మేస్త్రీ. 2014 అక్టోబర్‌లో హుద్‌హుద్ తుపాను వచ్చి వెళ్లాక, నానిపోయిన గోడలకు రంగులు వేయమని జనం వెంటపడితే, "గోడ ఆరకుండా బ్రష్ ముట్టుకోను" అని చాలా పనులు వదులుకున్నాడు. అప్పుడు నేను నవ్వాను. ఆ పనులు పట్టుకున్నవాళ్ల రంగులు పెచ్చులూడటం తర్వాత చూశాను కూడా. అయినా నా కొట్టు దగ్గరికి వచ్చేసరికి మర్చిపోయాను.

ఇంకో ఇంట్లో లోపం ఫ్యాన్‌ది కూడా కాదు. బాత్‌రూమ్‌లో మూడు గోడలు శుభ్రంగా ఉన్నాయి. బెడ్‌రూమ్ వైపు గోడ ఒక్కదానికే, టైల్స్ అయిపోయిన చోటు నుంచి పైకి బూజు. అవతల పక్క ఏసీ. రాత్రంతా 18 మీద పెట్టుకుని పడుకుంటారు. చల్లని సీసా బయట పెడితే దానికి చెమట పట్టదూ, ఆ గోడకూ అంతే. వాళ్లకు నేను చెప్పింది ఏసీ 25కి పెంచి, గాలి నేరుగా ఆ గోడకు కొట్టకుండా రెక్కలు తిప్పుకోమని. దీనికి డబ్బులు తీసుకోలేదు, తీసుకోవడానికి ఏముంది కనక.

తడి గాలిలోంచి వస్తోందా, గోడలోంచి వస్తోందా అని చూసుకోవడానికి మీరు ఇంట్లోనే చేసుకోగలిగిన పని ఒకటుంది. మచ్చ పక్కన గోడను పొడిగుడ్డతో తుడిచి, పలచని ప్లాస్టిక్ కవర్ ముక్క పెట్టి నాలుగు వైపులా టేపు గట్టిగా అంటించండి. కడిగి ఆరబెట్టిన పాల ప్యాకెట్ చాలు. రెండు రోజులు వదిలేయండి, దాని మీద నీళ్లు మాత్రం చిమ్మకండి. కవర్ బయట చెమ్మ ఉంటే అది స్నానాల ఆవిరి, గాలి ఆడేలా చేసుకుంటే చాలు. లోపలి వైపు, అంటే గోడను ఆనుకున్న వైపు, నీటి బిందువులు ఉంటే గోడలోనే తడి ఉంది. పైఅంతస్తు బాత్‌రూమ్ లీకో, గోడలో పైపో, టెర్రస్ పగులో చూడాలి. అప్పుడు మమ్మల్ని పిలవండి, లేదా మీకు నమ్మకమైన ప్లంబర్‌ని పిలవండి.

అన్నట్టు, గోడ మీద తెల్లటి పొడి కనిపిస్తే 'తెల్ల బూజు' అని చాలామంది కంగారు పడతారు. చాలాసార్లు అది బూజు కాదు. గోడలో ఊరిన నీరు ఆరిపోతూ బయట వదిలిన ఉప్పు. చుక్క నీళ్లు వేస్తే కరుగుతుంది. దానికి బూజు మందు దండగ.

ఇక యాసిడ్. ఇది రాయడానికే నాకు ఎక్కువ సిగ్గుగా ఉంది. టైల్స్ తళతళలాడాలని చాలామంది అడుగుతారు, మా కుర్రాళ్లు కూడా దానికే అలవాటు పడ్డారు. యాసిడ్ పోస్తే మరక పోయే మాట నిజమే. దాంతోపాటు టైల్స్ మధ్య సిమెంట్ గ్రౌట్ కూడా కొంచెం కొంచెం తినేసి పోతుంది. గరుకుదేలిన ఆ సందుల్లోనే నీళ్లు నిలిచి మళ్లీ నల్లబడతాయి. అంటే బూజుకు ఇల్లు మేమే కట్టిపెట్టాం. పైగా ఈ ఏప్రిల్‌లో మా కుర్రాడొకడు యాసిడ్ పోసిన నేల సరిగ్గా కడగకుండానే బ్లీచింగ్ నీళ్లు చల్లాడు. ఆ రెండూ కలిస్తే క్లోరిన్ గ్యాస్ వస్తుంది. దగ్గుతూ, కళ్లు మండుతూ బయటికి పరిగెత్తాడు. వెంటనే గాలిలోకి వచ్చాడు కాబట్టి సరిపోయింది. ఆ ఇంటివాళ్లకు అప్పుడే చెప్పాను, మిగతా అందరికీ ఇప్పుడు చెబుతున్నాను. ఇకపై మా బండిలో యాసిడ్ సీసా ఉండదు. మీ ఇంట్లో ఉన్నా, మీరు అడిగినా మేం వాడం. మీరు సొంతంగా కడుక్కునేటప్పుడు కూడా బ్లీచింగ్‌తో యాసిడ్ గానీ, టాయిలెట్ క్లీనర్ గానీ, అమ్మోనియా ఉన్న అద్దాల క్లీనర్ గానీ ఎప్పుడూ కలపకండి.

వాష్ బేసిన్ చుట్టూ ఉండే సిలికాన్ పట్టీ లోపల నల్లబడిందంటే ఎంత రుద్దినా పోదు. బ్లేడుతో కోసి తీసి, ఆరబెట్టి, కొత్తది వేసి ఒక రోజు నీళ్లు తగలకుండా చూడాలి. చిన్న పనే, ఓపిక ఉంటే మీరే చేసుకోవచ్చు.

ఇంట్లో రోజువారీ చూసుకోవాల్సింది కూడా పెద్దగా ఏమీ లేదు. ఆఖరున స్నానం చేసినవాళ్లు గోడకీ నేలకీ ఒకసారి వైపర్ లాగాలి. తడి బట్టలు బకెట్‌లో రాత్రంతా ఉంచకూడదు. ఫ్యాన్ స్నానం మొదలుపెట్టినప్పుడు వేసి, అయ్యాక ఇంకో ఇరవై, ముప్పై నిమిషాలు ఆపకూడదు. కరెంటు బిల్లు అని భయపడేవాళ్లకు లెక్క చెబుతాను. 30 వాట్ల ఫ్యాన్ రోజుకు గంట తిప్పితే నెలకు ఒక్క యూనిట్ కూడా కాలదు. ఫ్యాన్ గాలి ఆరుబయటికి పోతోందో లేదో మాత్రం చూసుకోండి. ఫాల్స్ సీలింగ్ లోపలికి వదిలేసిన ఇళ్లు రెండు చూశాను, పైన పీఓపీ (ప్లాస్టర్ ఆఫ్ పారిస్) ముద్దైపోయింది.

బాత్‌రూమ్ తలుపు తెరిచి పెట్టమంటే వాస్తు అంటారు కొందరు. నేను వాదించను. తలుపు కింద బొటనవేలు దూరేంత సందు ఉంచండి, లేదా కింద చిన్న జాలీ పెట్టించండి. వాస్తుకూ ఇబ్బంది లేదు, ఫ్యాన్‌కూ గాలి అందుతుంది.

తేమ కొలిచే మీటర్ కొని 60 శాతం దాటుతోందని టెన్షన్ పడుతున్నవాళ్లు ఇద్దరు మెసేజ్ పెట్టారు. లోపల 60 కంటే తక్కువ ఉండాలన్న మాట మంచిదే. కానీ వానాకాలం విశాఖలో బయట గాలే అంతకు మించి తడిగా ఉంటుంది. అంకె వదిలేయండి. స్నానానికీ స్నానానికీ మధ్య గోడ ఆరుతోందా, చెయ్యి పెట్టి చూడండి. ఇంట్లో ఉబ్బసం ఉన్నవాళ్లుంటే మాత్రం వాళ్ల చేత బూజు రుద్దించకండి.

మా పనిలో మారుతున్నవి చెబుతాను. 'మచ్చల క్లీనింగ్ ప్యాకేజీ' తీసేశాను. ముందు వచ్చి చూస్తాం, దానికి 300 రూపాయలు. మీరే చేసుకోగలిగిన పనైతే ఎలా చేయాలో చెప్పి వచ్చేస్తాం. మాతో పని చేయించుకుంటే ఆ 300 బిల్లులో తగ్గిస్తాం. రంగుకు గ్యారంటీ ఇక ఇవ్వను. లీకు మేం బాగుచేస్తే, ఆ లీకుకు ఇస్తాను. సంక్రాంతికి ముందే రంగు అయిపోవాలి అని ప్రతి ఏడూ ఒత్తిడి ఉంటుంది, నాకూ డబ్బులొచ్చే కాలం అదే. అయినా కొత్తగా ప్లాస్టరింగ్ చేసిన గోడకు నాలుగు వారాలు ఆరకుండా రంగు వేయం. పండగ లోపు కావాలంటే డిసెంబర్ మొదటి వారానికల్లా ప్లాస్టరింగ్ పూర్తవ్వాలి, అందాకా వానలు పని సాగనివ్వాలి కదా మరి.

పోయిన ఏడాది గ్యారంటీ రాసిచ్చిన బిల్లులన్నీ నిలబెట్టుకుంటాను. బూజు తిరిగొచ్చినవాళ్లకు జనవరి, ఫిబ్రవరి నెలల్లో, గోడ ఆరాక, ఉచితంగా మళ్లీ చేస్తాం. రబ్బరు పట్టీ, పావురాల అట్ట లాంటివి ఈ లోపే వచ్చి సరిచేస్తాం. టీచరమ్మగారి ఇంట్లో అట్ట తీసి పావురాల వల కొట్టాం, పట్టీ ఊడదీశాం. మూల ఇంకా నల్లగానే ఉంది, కానీ మొన్న చెయ్యి పెడితే పొడిగా ఉంది. రంగు జనవరిలోనే.

మచ్చ ఫొటోతో పాటు ఫ్యాన్ ఫొటో, తలుపు కింది సందు ఫొటో కూడా పాత నంబర్‌కే పంపండి. బిల్లు పోయినా ఫర్వాలేదు, నా నోట్‌బుక్‌లో అందరివీ ఉన్నాయి.