పాత మోటారు పడవలు కొనేవారికి మనవి

సంపాదకులకు నమస్కారములు.

అట్లాంటాకు ఉత్తరాన, లానియర్ సరస్సుకు దగ్గరలో స్థిరపడిన తెలుగు కుటుంబాల్లో కొందరు వేసవి విహారానికి మోటారు పడవలు, అందులోనూ పాతవి, కొంటున్నారు. బేరానికి ముందు వారు అడిగేదల్లా ఏ బ్రాండ్ మంచిదని మాత్రమే కావడం నాకు ఆందోళన కలిగిస్తోంది.

బోస్టన్ వేలర్, సీ రే, బేలైనర్ అనే మూడు పడవల బ్రాండ్లూ బ్రన్స్‌విక్ సంస్థవే అయినా వాటి నిర్మాణంలోనూ ధరలోనూ ఎంతో తేడా ఉంది. రెండు ఫైబర్‌గ్లాస్ పొరల మధ్య నురుగు నింపి కట్టే వేలర్‌ను 1961లో రంపంతో రెండుగా కోసి చూపినా మునగలేదు. దాని అధిక ధరకు ఆధారం ఆ నిర్మాణమే. అయితే 20 అడుగుల లోపు మామూలు మోటారు పడవ నీరు నిండినా తేలుతూ ఉండాలని అమెరికా నిబంధనలే చెబుతున్నాయి కనుక, ఆ అదనపు సొమ్ముకు అసలు విలువ అంతకంటే పెద్ద పడవల్లో, సముద్రం మీద కనిపిస్తుంది. సరస్సులో తిరిగే కుటుంబానికి అది తప్పనిసరి అని నేను అనుకోను.

బ్రాండ్ కంటే ముందు చూడవలసింది పడవ లోపలి స్థితి. పాత పడవల్లో చాలావాటికి అడుగుభాగాన్ని పట్టి ఉంచే స్ట్రింగర్లలోనూ, ఇంజిన్ బిగించే వెనుక గోడ అయిన ట్రాన్సమ్‌లోనూ ఫైబర్‌గ్లాస్ మాటున చెక్క ఉంటుంది. సరిగా సీలు చేయని స్క్రూ రంధ్రాల గుండా నీరు దిగి ఆ చెక్క ఏళ్ల తరబడి లోలోపల కుళ్లుతున్నా, పైన పాలిష్ మెరుపూ కొత్త సీట్ల సోకూ చెక్కుచెదరవు. కుండ కొనేటప్పుడు తట్టి చూసినట్టే చిన్న సుత్తితో ట్రాన్సమ్‌ను తట్టాలి. గట్టి చోట ఖణేలుమంటుంది, కుళ్లిన చోట మొద్దుగా పలుకుతుంది. ట్రాన్సమ్‌కు బయట తగిలించే అవుట్‌బోర్డ్ ఇంజిన్‌ను కాస్త పైకి లేపి కిందికి నొక్కినప్పుడు ట్రాన్సమ్ వంగితే ఆ బేరం మానుకోవడమే క్షేమం, ఎందుకంటే దాని మరమ్మతు ఖర్చు కొన్నిసార్లు పడవ ధరనే మించిపోతుంది. పైభాగాన్నీ అడుగునూ కలిపే అతుకును, ఇంజిన్ కంప్రెషన్‌ను (సిలిండర్లలో ఏర్పడే ఒత్తిడిని) కూడా పరీక్షించాలి.

అమ్మేవారు సూచించిన మనిషిని కాక, కొనేవారే సొంతంగా పడవల స్థితిని పరీక్షించే నిపుణుడైన ఒక మెరైన్ సర్వేయరును నియమించుకుని, పడవను నీటిలో నడిపించి చూశాకే డబ్బు చెల్లించాలి. అందుకు ఒప్పుకోని అమ్మకందారు దగ్గర, ఎంత పేరున్న బ్రాండైనా, పిల్లలను ఎక్కించుకునే పడవను కొనవద్దని మీ పత్రిక ద్వారా మనవి చేస్తున్నాను.

భవదీయుడు,
ఒక పాఠకుడు, జార్జియా, అమెరికా