షాపు కంప్యూటర్ మళ్ళీ లేచింది

విజయనగరం,
ఆదివారం రాత్రి

చిరంజీవి బుజ్జికి అమ్మ దీవించి రాసేది.

ఇక్కడ అందరం బాగున్నాం. నాన్నకి మోకాలి నొప్పి తగ్గింది, అయినా అయ్యకోనేరు గట్టు దాకా నడిచి రమ్మంటే వంద వంకలు చెబుతున్నారు. చిన్నమ్మి సంగీతం మానలేదు. పెరట్లో పనస ఈసారి బాగా కాసింది. పొట్టు కొట్టినప్పుడల్లా నువ్వే గుర్తొస్తున్నావు. సత్తిబాబు మావయ్య గురువారం బెంగళూరు నుంచి వచ్చాడు. ఆ సంగతి తర్వాత రాస్తాను. ముందు షాపు కంప్యూటర్ గురించి చెప్పాలి.

పోయిన సోమవారం కరెంటు పోయి వచ్చేసరికి విండోస్ నీలం తెర చూపించి ఆగిపోయింది. రెండు పెళ్ళికార్డుల ఆర్డర్లు చేతిలో ఉన్నాయి. కార్డులు తయారుచేసే పేజ్‌మేకర్, తెలుగు అక్షరాల అనూ ఫాంట్లు అన్నీ అందులోనే కదా. గంటస్తంభం దగ్గర ఒక రిపేరు కుర్రాణ్ణి పిలిచాను. సీ డ్రైవ్ ఫార్మాట్ చేసి విండోస్ కొత్తగా ఎక్కించి, డబ్బులు తీసుకుని వెళ్ళిపోయాడు. డీ డ్రైవ్‌లో కార్డుల ఫైళ్ళు చెక్కుచెదరలేదు. హమ్మయ్య అనుకున్నాను. విండోస్‌తో పాటు ఉబుంటు అనే రెండో సిస్టమ్ కూడా ఆ కంప్యూటర్‌లో ఉంది కదా, బాకీల లెక్క అందులోనే. సాయంత్రం ఆ లెక్క చూద్దామని రీస్టార్ట్ చేస్తే, ఉబుంటునా విండోసా అని అడిగే మెనూ రాలేదు. తిన్నగా విండోస్‌లోకి వెళ్ళిపోయింది.

కుర్రాడికి ఫోన్ చేస్తే, "అది పోయినట్టేనమ్మా, ఆ చోటు ఊరికే పడి ఉంది, డిలీట్ చేసి డీ డ్రైవ్‌లో కలిపేస్తాను" అన్నాడు. నాకు కాళ్ళూ చేతులూ ఆడలేదు. మూడేళ్ళ బాకీల లెక్క, నీ కాలేజీ ప్రాజెక్టు, తాతయ్య ఫోటోలు స్కాన్ చేసినవి, అన్నీ ఉబుంటులోనే ఉన్నాయి. కాసేపు కూర్చుని లెక్క వేశాను. సీ 200, డీ 165, వెరసి 365. మనం 500 జీబీ అని కొన్న డిస్క్ విండోస్‌లో 465గా కనిపిస్తుందని, అమ్మేవాళ్ళు వెయ్యితో లెక్కగడితే విండోస్ 1024తో లెక్కగడుతుందని నువ్వే చెప్పావు. అంటే ఇంకో వంద ఉండాలి. విండోస్‌లో డిస్క్ భాగాలన్నీ చూపించే డిస్క్ మేనేజ్‌మెంట్ తెరిచి చూస్తే ఉంది. పేరు లేదు, డ్రైవ్ అక్షరం లేదు, వంద జీబీ గడి మాత్రం అలాగే ఉంది. విండోస్‌కి దాన్ని చదవడం రాదంతే. "ముట్టుకోవద్దు బాబూ" అని కుర్రాడికి చెప్పేశాను.

నువ్వు ఫోన్ ఎత్తి ఉంటే ఐదు నిమిషాల పని. ఆ రోజు నాలుగుసార్లు చేశాను. "బిజీ అమ్మా, తర్వాత చేస్తా" అని మెసేజ్ పెట్టావు. ఆ తర్వాత ఇవాళ్టికి ఆరు రోజులు. సరే, పని ఉంటుంది, కాదనను. వేళకి తింటున్నావా?

గల్లాపెట్టెలో అడుగున నీ పెన్‌డ్రైవ్ దొరికింది, "అమ్మా పారేయకు" అని స్టిక్కర్ అంటించినది. పాత బిల్లు పుస్తకం వెనక నువ్వు రాసిపెట్టిన పేజీ కూడా దొరికింది. మనలాంటి పాత కంప్యూటర్లలో డిస్క్ మొట్టమొదట 512 బైట్ల చోటు ఉంటుందని, కంప్యూటర్ లేవగానే ముందు అక్కడే చూస్తుందని, విండోస్ ఎక్కించినప్పుడు ఎవర్నీ అడగకుండా అక్కడ తన కోడ్ రాసుకుంటుందని, వెనక ఉబుంటు మాత్రం భద్రంగానే ఉంటుందని రాశావు. అది చదివాక టెన్షన్ సగం తగ్గింది.

రాత్రి అన్నాలు తిని మళ్ళీ షాపు తెరిచాం. పెన్‌డ్రైవ్ నుంచి బూట్ చేసి, ట్రై ఉబుంటు నొక్కి, ఆదేశాలు టైప్ చేసే టెర్మినల్ తెరిచాను. నాన్న కళ్ళజోడు పెట్టుకుని ఒక్కో అక్షరం పైకి చదువుతుంటే నేను టైప్ చేశాను. మొత్తం డిస్క్ పేరు ఎస్‌డీఏ, అందులో మన ఉబుంటు ఉన్న భాగం ఎస్‌డీఏ6. దాన్ని మౌంట్ చేయడం సులువుగానే అయింది. ఆ మెనూ చూపించే గ్రబ్‌ని మళ్ళీ ఎక్కించే గ్రబ్ ఇన్‌స్టాల్ ఆదేశం దగ్గర ఆగిపోయింది. మూడుసార్లు కొట్టినా అదే తప్పు చూపించింది. చివరికి పేజీ లైటు కిందకి తెచ్చి చూస్తే, బూట్ డైరెక్టరీ ముందు రెండు గీతలు పెట్టావు, అవి కలిసిపోయి ఒకటిగా కనిపిస్తున్నాయి. చిన్నప్పట్నుంచీ నీ రాత అంతే, ఎంత కాపీ రైటింగ్ రాయించినా మారలేదు. చివర ఎస్‌డీఏ అని మాత్రమే రాయాలి, వెనక 6 రాయకూడదని ఎర్ర పెన్నుతో గుండ్రం చుట్టావు, అది మంచి పని చేశావు. నాన్న అలవాటుగా 6 చదివేశారు కూడా. ఎంటర్ కొట్టాక "ఇన్‌స్టలేషన్ ఫినిష్డ్, నో ఎర్రర్ రిపోర్టెడ్" అని వచ్చింది. అప్పటికి పన్నెండున్నర.

మెనూ వచ్చింది, ఉబుంటు తెరుచుకుంది. మెనూలో విండోస్ నొక్కితే మాత్రం అలాంటి డివైస్ లేదంది. ఫార్మాట్ చేస్తే ఆ భాగానికి కొత్త గుర్తింపు నంబరు వస్తుందట, మెనూ పాత నంబరు పట్టుకుని వెతుకుతోంది. అప్‌డేట్ గ్రబ్ కొట్టాక కొత్తది దొరికింది. బాకీల షీటు తెరిస్తే "అమ్మకి రావలసినవి" అని నువ్వు పెట్టిన పేరు కనబడింది. ఇంకేమీ చేయకుండా షట్‌డౌన్ చేసి ఇంటికి వచ్చేశాం.

బెంగళూరులో మావయ్య కూడా నీ పాత అడ్రస్ పట్టుకునే వెళ్ళాడు బుజ్జీ. అరిసెల డబ్బా మోసుకుని మెట్లెక్కి తలుపు కొడితే వేరే ఎవరో తీశారట. మీ అబ్బాయి ఖాళీ చేసి రెండు నెలలైందని కింద ఇంటి ఓనరు చెప్పాడట. డబ్బా కట్టిన తాడు కూడా విప్పకుండా తిరిగి తెచ్చి నా చేతికిచ్చాడు. నాన్నకి ఇంకా చెప్పలేదు.

ఉద్యోగం పోయిందా? పోతే పోయింది, ఇంకోటి వస్తుంది. అద్దె కట్టలేకపోయావా? అప్పు చేశావా? చేస్తే ఎంతో చెప్పు, షాపు మీద వచ్చేది ఉంది. ఫోన్‌లో యాప్‌ల దగ్గర మాత్రం తీసుకోవద్దు. ముఖ్యమైన కాగితాలు ఒక్కచోటే పెట్టకు, రెండు కాపీలు ఉంచు. ఫైళ్ళు కూడా అంతే, నేను మంగళవారమే బాకీల షీటు పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించాను. రాత్రి పూట బండి మీద తిరగకు. నీతులు చెప్పకూడదనుకునే మొదలుపెట్టాను, చెప్పకుండా ఉండలేకపోతున్నాను.

డీ డ్రైవ్ నిండిపోయింది. ఉబుంటు నుంచి ఓ 40 జీబీ దానికి ఇవ్వాలి. విండోస్‌లో పెంచాలంటే ఖాళీ చోటు డీకి కుడిపక్కన ఆనుకునే ఉండాలి, అందుకు ఉబుంటు మొదలునే, డిస్క్ భాగాలు మార్చే జీపార్టెడ్ అనే ప్రోగ్రాంతో పక్కకి జరపాలి. గంటలు పడుతుంది, మధ్యలో కరెంటు పోతే ఫైళ్ళన్నీ పోయే ప్రమాదం ఉంది. యూపీఎస్ బ్యాటరీ మార్పించాను. ఆ పని మాత్రం నేను చెయ్యను, నువ్వే వచ్చి చెయ్యి. దసరా తర్వాత మంగళవారం సిరిమాను కదా, పైడితల్లమ్మ దర్శనమూ అవుతుంది. టికెట్ నేను తీస్తాను.

ఇది ఎక్కడికి పోస్ట్ చేయాలో తెలియక ఉబుంటులో టైప్ చేసి మెయిల్ పెడుతున్నాను. పడుకునే ముందు ఒకసారి, పొద్దున్న ఒకసారి మెయిల్ చూస్తాను. కొత్త అడ్రస్ పంపు, పిన్ కోడ్‌తో సహా. అరిసెలు ఇంకో వారం ఆగుతాయి, డబ్బా విప్పలేదు.

అమ్మ