టికెట్ లేని ప్రయాణికుడికి ఒక గట్టు కావాలి

సంపాదకులు గారికి,

నమస్కారం. ఆర్టీసీ బస్సులో ఐదేళ్ల లోపు పిల్లలకు టికెట్ లేదు. రైల్లోనూ అంతే, ఐదేళ్ల లోపు పిల్లలకు ఉచితం, బెర్తు మాత్రం ఇవ్వరు. మంచిదే. కానీ టికెట్ కొట్టనివాళ్లు లెక్కలోకి రారు కాబట్టేమో, బస్టాండ్లు కట్టేవాళ్లకు చంకలోని బిడ్డ కనిపించడం లేదు. ఎండాకాలం సెలవులొస్తే చిత్తూరు, తిరుపతి జిల్లాల్లో ఏ బస్టాండులో చూసినా పుట్టింటికి వచ్చే ఆడపిల్లలు, వాళ్ల చంకల్లో పిల్లలే. మే నెలలో గంగమ్మ జాతర వచ్చిందంటే ఇక చెప్పక్కర్లేదు. తిరుపతిలో తాతయ్యగుంట గంగమ్మకైనా, చిత్తూరులో మా గంగమ్మకైనా కూతురినీ అల్లుడినీ పిలుచుకోకపోతే ఇంట్లో పండగ జరిగినట్టే ఉండదు. ఇంతమందికీ దారిలో బిడ్డకు పాలివ్వడానికి, డైపర్ మార్చడానికి, కడగడానికి ఒక చోటు లేదు. ఈ ఉత్తరం దాని గురించే.

నేను అంగన్‌వాడీ కార్యకర్తగా పనిచేసి రిటైరయ్యాను. ఈసారి జాతరకి బెంగళూరు నుంచి మా అమ్మాయి, అల్లుడు, ఏడాదిన్నర మనవడు వచ్చారు. మా ఇంట్లో ఉన్నాక, దారిలో ఇంకో బంధువుల ఊరు చూసుకుని, తిరుపతిలో మా చెల్లెలింటికి బయల్దేరాం. చిత్తూరు నుంచి తిరుపతికి డెబ్భై కిలోమీటర్లు. పెద్దవాళ్లకు ఒక కునుకు తీసేంత దూరం. ఏడాదిన్నర పిల్లవాడికి మాత్రం అందులో ఒకసారి పాలు, ఒకసారి రాగిజావ, ఒకసారి డైపర్, రెండుసార్లు ఏడుపు ఉంటాయి. అదీ మే నెల ఎండలో.

తిరుపతి బస్సు కోసం మేం ఆగిన బస్టాండు పేరు రాయను. రాస్తే ఆ ఒక్కచోటే ఇలా ఉందనుకుంటారు. అక్కడ తల్లిపాల గది ఉంది. తల్లీబిడ్డల బొమ్మతో బోర్డు కూడా చక్కగా ఉంది. దాని కింద తాళం. తాళంచెవి ఉన్న మనిషి భోజనానికి వెళ్లారన్నారు. ఆయన వచ్చి తలుపు తీశాక చూస్తే లోపల విరిగిన కుర్చీలు, పాత బోర్డులు, చీపుళ్లు. ఫ్యాను స్విచ్చు ఉంది, ఫ్యాను లేదు. లోపలి గడియ ఊడిపోయి ఉంటే నేను తలుపుకి అడ్డంగా నిలబడ్డాను, అమ్మాయి ఒక కుర్చీ తుడుచుకుని పాలిచ్చింది. బయట అప్పటికే ఇంకో తల్లి, నెలల బిడ్డతో ఎదురుచూస్తోంది.

అంతలో మావాడు డైపర్ పాడుచేశాడు. మార్చడం మా అల్లుడికి అలవాటే. ఆయన లోపలికి రాబోతే "మగోళ్లు రాకూడదు సార్" అని ఆపారు. ఆ మాట తప్పు కాదు, పాలిచ్చే చోటికి మగవాళ్లు ఎలా వస్తారు? కానీ బిడ్డని కడిగే పని తండ్రిదైనప్పుడు ఆ తండ్రి ఎక్కడికి పోవాలి? మగవాళ్ల మరుగుదొడ్డి సంగతి చెప్పి మీ పేపరు పాడుచేయను. చివరికి ప్లాట్‌ఫారం మూల సూట్‌కేసు పడుకోబెట్టి, దాని మీద తువ్వాలు పరిచి, ఆయన డైపర్ మార్చాడు. చుట్టూ చిన్న గుంపు చేరింది. జాతరలో వేషగాడిని చూసినట్టు చూశారు. ఒక పెద్దాయన "తల్లి యాడికి పోయిందబ్బా?" అని అడిగాడు కూడా. తీసిన డైపర్ వేయడానికి మూత ఉన్న బుట్ట ఎక్కడా లేదు. మా చెల్లెలింటికి చుట్టాలు పూలూ పండ్లూ పట్టుకొస్తుంటే, మా అల్లుడు అది కవర్లో కట్టుకుని తీసుకెళ్లాడు. ఇంత ఓపిక లేనివాళ్లు బస్సు కిటికీలోంచి విసిరేస్తారు. వాటిని ఎత్తేది మున్సిపాలిటీ పారిశుధ్య కార్మికులు, తమ చేతులతో.

నేను పనిచేసినన్నాళ్లూ ఆగస్టు మొదటి వారం తల్లిపాల వారోత్సవాలు జరిపాం. ఆరు నెలల దాకా తల్లిపాలే, తర్వాత పైఆహారంతో పాటు రెండేళ్లు వచ్చేదాకా తల్లిపాలు ఆపవద్దు అని ఇంటింటికీ తిరిగి చెప్పాం. ఊళ్లో తల్లులు విన్నారు. మా అమ్మాయీ విన్నది. విన్న తల్లి ఆ బిడ్డతో ఇల్లు కదిలితే ఎక్కడ కూర్చుని పాలివ్వాలో మాత్రం మా శిక్షణల్లో ఎవరూ చెప్పలేదు. అందుకే చాలామంది ప్రయాణం రోజు డబ్బా పాలు పట్టేస్తారు. ఎండలో సీసా పాలు ఎంతసేపు నిలుస్తాయి? ఊరికి వచ్చిన మర్నాడే బిడ్డకి విరేచనాలని తీసుకొచ్చిన తల్లులను నా కేంద్రంలోనే చూశాను. చుట్టాలింట్లో దిష్టి తగిలిందని అనుకునేవాళ్లు.

ఇది నేనొక్కదాన్నే అడుగుతున్న గొంతెమ్మ కోరిక కాదు. బహిరంగ స్థలాల్లో పాలిచ్చే గదులు, పిల్లల సంరక్షణ వసతులు ఉండాలని కేంద్రం 2024 ఫిబ్రవరిలో అన్ని రాష్ట్రాలకూ లేఖ రాసింది. దాన్ని అమలు చేయాలని 2025 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు చెప్పింది. ఉన్న భవనాల్లో వీలైనంత వరకు ఏర్పాటు చేయాలి, కట్టబోయే వాటికి ప్లాను దశలోనే చోటు కేటాయించాలి అన్నది దాని సారాంశం. మన పక్కనే ఉన్న తమిళనాడు అంతకు చాలా ముందే, 2015 ఆగస్టులో, జయలలిత ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడు మూడు వందలకు పైగా బస్టాండ్లలో పాలిచ్చే గదులు తెరిచింది. చిత్తూరు నుంచి వేలూరు ఎంత దూరమో మనందరికీ తెలుసు.

అంత దూరం కూడా పోనక్కర్లేదు, కొండ మీదికి చూస్తే చాలు. తిరుమలలో వైకుంఠం క్యూ కాంప్లెక్సులో పిల్లలకు పాలు ఇస్తారు. ఏడాది లోపు బిడ్డతో వచ్చిన తల్లిదండ్రులను సుపథం అనే ప్రత్యేక ప్రవేశ దారిలో పంపిస్తారు. మావాడికి ఏడాది దాటింది కాబట్టి మాకు ఆ దారి లేదు, అది వేరే సంగతి. పిల్లలున్నవాళ్లు వస్తారని అంత రద్దీలోనూ ముందే ఊహించి ఏర్పాటు చేశారు కదా. కొండ దిగగానే ఆ ఊహ ఏమైపోతుందో నాకు తెలియదు.

రైల్వే వాళ్లకూ అప్పుడప్పుడు ఆలోచనలు వస్తాయి. 2016లో 'జననీ సేవ' పేరుతో కొన్ని స్టేషన్లలో వేడి పాలు, వేడినీళ్లు, పిల్లల ఆహారం అమ్మించారు. 2022లో ఉత్తరాదిలో లక్నో మెయిల్లో తల్లి బెర్తు పక్కనే బిడ్డకి చిన్న బెర్తు బిగించి చూశారు. మన వైపు రైళ్లలో నాకైతే అది కనిపించలేదు. ఇప్పటికీ రెండు బెర్తుల మధ్య చీరతో ఉయ్యాల కట్టేవాళ్లే దిక్కు. తిరుపతి, పాకాల, కాట్పాడి లైను డబ్లింగుకి 2025 ఏప్రిల్లో కేంద్రం ఒప్పుకుంది. 104 కిలోమీటర్లు, 1,332 కోట్లు. అంత ఖర్చు పెట్టే పనిలో ఒక్కో స్టేషనులో బిడ్డకి డైపర్ మార్చడానికి ఒక గట్టు, ఒక కుళాయి కలపడానికి డబ్బు అడ్డమని ఎవరూ అనలేరు.

ఇంకోటి. 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీశక్తి పథకం కింద పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ లాంటి బస్సుల్లో ఆడవాళ్లకు ఉచితం. మా అమ్మాయి ఆధార్ ఇంకా చిత్తూరు అడ్రసుతోనే ఉంది కాబట్టి తనకీ జీరో టికెట్ కొట్టారు. నాకు సంతోషమే. పిల్లలతో బయటికి రాని తల్లులు ఇప్పుడు వస్తున్నారు. వచ్చినవాళ్లకు నిలబడే చోటు కూడా లేనప్పుడు పాలిచ్చే చోటు గురించి అడగడం మరీ ఎక్కువని కొందరు అనవచ్చు. నా లెక్కలో సరిగ్గా అందుకే అడగాలి. రద్దీ పెరిగింది ఈ తల్లుల వల్లే కాబట్టి ఏర్పాటు కూడా వాళ్లని చూసే చేయాలి.

అడుగుతున్నది పెద్దదేమీ కాదు. బస్టాండులో అద్దెకిచ్చే ఒక దుకాణం గదంత చోటు చాలు. అందులో సగానికి పరదా కట్టి, పాలిచ్చే తల్లులకు కుర్చీలు, ఫ్యాను, లోపల గట్టి గడియ. మిగతా సగం బయటి వైపు తెరిచి ఉండాలి, తండ్రయినా తాతయినా మేనమామయినా వచ్చి బిడ్డకి డైపర్ మార్చుకునేలా. నడుము ఎత్తున ఒక గట్టు, బిడ్డ దొర్లిపోకుండా చుట్టూ అంచు. కుప్పం గ్రానైటు ఎక్కడెక్కడికో పోతుంది, మన బస్టాండ్లకి తలా ఒక పలక కరువా? పక్కన కుళాయి, మూత ఉన్న బుట్ట. బాలామృతమో జావో కలుపుకోవడానికి టీ కొట్టువాళ్లు వేడినీళ్లు ఇచ్చేలా టెండరు షరతుల్లోనే ఒక వాక్యం రాసుకోవచ్చు. టీ కొట్టువాళ్లు అడిగితే కాదనరు, కానీ బేరం నడిచే వేళ తల్లి వెళ్లి అడగడానికి మొహమాటపడుతుంది.

తిరుగు ప్రయాణంలో మా అమ్మాయి "వీడు కాస్త పెద్దయ్యాక వస్తాంలే అమ్మా, ఈ టెన్షన్ నావల్ల కాదు" అంది. ఈ మాట ఈ ఎండాకాలంలో ఎన్ని ఇళ్లలో వినిపించి ఉంటుందో. వీడు పెద్దయ్యేసరికి స్కూలు మొదలవుతుంది, తర్వాత ట్యూషన్లు. అవ్వాతాతలను గుర్తుపట్టే వయసు, చుట్టాలింట్లో మామిడిపండు రసం చొక్కా నిండా కారేలా తినే వయసు ఇదే. ఎవరింటికీ పోకుండా వీడియో కాల్లో పెంచమంటే ఎలా?

ఆగస్టు 1న మళ్లీ తల్లిపాల వారోత్సవాలు మొదలవుతాయి. ఈలోగా రెండు జిల్లాల కలెక్టర్లు, ఆర్టీసీ అధికారులు ప్రతి బస్టాండులో ఆ గదిని ఒకసారి తెరిపించి చూడాలని కోరుతున్నాను. తాళంచెవి ఏ పూట ఎవరి దగ్గర ఉంటుందో తలుపు మీద రాయించాలి. లోపలి విరిగిన కుర్చీలను స్టోరుకి పంపించాలి. ఈ రెండు పనులకి నిధులు అక్కర్లేదు. గట్టూ కుళాయీ దసరా సెలవులలోపు కట్టిస్తే అప్పుడు మా అమ్మాయికి ఫోన్ చేసి రమ్మంటాను.

ఇట్లు,
ఒక విశ్రాంత అంగన్‌వాడీ కార్యకర్త,
చిత్తూరు