పదకొండో ప్రశ్న 'కీ' గురించి

తల్లిదండ్రులకు నమస్కారం.

ఎనిమిదో తరగతి తార్కిక పరీక్షలో పదకొండో ప్రశ్నకు ఇచ్చిన 'కీ' తప్పని, అందరికీ మార్కు కలపాలని మీలో చాలామంది అంటున్నారు. కీ సరైనదే. మార్కు కలపము.

ప్రశ్న ఇది. 'తాగడానికి బోరు నీళ్లు వాడకండి, నల్లా నీళ్లే పట్టుకోండి' అని పంచాయతీ నోటీసు అంటించింది. పైకి చెప్పకుండా ఆ నోటీసు దేన్ని ఊహించుకుంది? ఒకటి, ఇళ్లకు నల్లా నీళ్లు వస్తున్నాయి. రెండు, బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువగా ఉంది. జవాబు, మొదటిది మాత్రమే.

నల్లగొండ జిల్లాలో ఫ్లోరైడ్ సంగతి తెలియనిదెవరికని అడిగారు. నిజమే, మర్రిగూడ, మునుగోడు వైపు వంగిపోయిన నడుములు మనం చూసినవే. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే ఆ నీరు తాగకూడదని మన పిల్లలకు కంఠస్థం. అయినా ప్రతి నిజమూ ఆ నోటీసుకు ఆధారం కాదు. ఫ్లోరైడ్ లేదనుకోండి, మురుగు కలిసిందనో ఉప్పగా ఉన్నాయనో అదే నోటీసు పెట్టవచ్చు. నల్లాలే లేవనుకోండి, నోటీసుకు అర్థమే లేదు. కాదనుకోగానే మాట నిలబడకుండా పోతే అదే ఊహ.

బి సెక్షన్ అమ్మాయి ఒకరు జవాబు పక్కన పెన్సిల్‌తో 'నల్లా లేని ఇంటికి ఈ నోటీసు ఎందుకు?' అని రాసింది. ఆ కాగితం స్టాఫ్ రూములో అందరికీ చూపించాను. 'రెండూ' అని పెట్టి, కొట్టేసి, 'నోటీసులో కారణం రాయలేదు కదా' అని రాసిన అబ్బాయిని చూసి మా లెక్కల టీచరు ఎంత మురిసిపోయారో!

ఈ రకం ప్రశ్నలంటే నాకు ప్రాణం. 'మా కోచింగ్‌లో చేరండి, ఉద్యోగం ఖాయం' అనే కరపత్రం, కోచింగ్ ఉంటే చాలు ఉద్యోగం వస్తుందని మనచేత నమ్మిస్తుంది. ఆ మాట పైకి రాస్తే ఎవరైనా నిలదీస్తారు, అందుకే రాయరు. పదమూడేళ్లకే దాన్ని పట్టుకోగలిగిన పిల్లను రేపు ఏ దళారీ, ఏ అప్పుల యాప్ సులువుగా బోల్తా కొట్టించలేదు.

ఇంట్లో మీరు పడుతున్న శ్రమకు కృతజ్ఞతలు. అయితే పిల్లలు 'ఎందుకు?' అంటే 'ఎదురు మాట్లాడకు' అని దయచేసి అనకండి. గైడు కొనిచ్చి బట్టీ పట్టించకండి. రాత్రి పదకొండు దాకా ఫోను వాళ్ల చేతిలో ఉంచి, మొదటి పీరియడ్‌లో కునుకుతున్నారేమని మమ్మల్ని అడగకండి. అభ్యంతరాలు అర్ధరాత్రి వాట్సాప్ గ్రూపులో కాకుండా పగలు నా గదికి వచ్చి చెబితే సంతోషిస్తాను.

ఎఫ్‌ఏ (నిర్మాణాత్మక మూల్యాంకనం) మార్కుల పత్రాలు సంతకం చేసి సోమవారానికి పంపండి, బస్ పాసులు గడువు లోపు మార్పించుకోండి. ఎనిమిదో తరగతి పిల్లల జాతీయ ఉపకార వేతన పరీక్ష ఎన్‌ఎంఎంఎస్ రాసేవారి ఆదాయ, కుల ధ్రువపత్రాలు మీసేవలో ఇప్పుడే తీసుకోండి. ఎంపికైతే తొమ్మిదో తరగతి నుంచి ఇంటర్ దాకా ఏటా 12,000 రూపాయలు వస్తాయి, ఆ పరీక్షలో ఇలా ఆలోచింపజేసే మానసిక సామర్థ్య పేపరుకే 90 ప్రశ్నలు.

శనివారం మూడు గంటలకు ఎనిమిదో తరగతి గదిలో ఆ ప్రశ్నను పిల్లలే బోర్డు మీద వివరిస్తారు. కీ తప్పని అన్నవారు తప్పకుండా రండి.

ప్రధానోపాధ్యాయులు